పంటి వేరులో అంటుబలము: మెగాపాస్కళ్ళపై ఒక విమర్శ

జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని పన్ను పుచ్చి రాత్రంతయు నిద్ర లేనివారికి ఒకప్పుడు తోచిన ఉపాయము ఒక్కటే: పీకించుకొనుట. నేడు ఈ మూడు పట్టణములలోను దంతవైద్యశాలల బోర్డులమీద ‘రూట్ కెనాల్’ అను మాట కనబడుచున్నది. పన్ను పోకుండ నిలుపుకొనుటకు ఇది మంచి మార్గమే. కాని ఇందులో ఖర్చున్నది. రెండు మూడు సార్లు వైద్యుని కుర్చీలో కూర్చుండవలసి వచ్చినచో, బీడీలు చుట్టు స్త్రీకి, సాంచెలు నడుపు కార్మికునికి ఆ దినముల కూలి పోవును. అందుచేత పంటి వేరులో ఏ పదార్థము నింపవలెను, ఏది ఎక్కువ కాలము నిలుచును అను ప్రశ్న పరిశోధకులకు మాత్రమే సంబంధించినది కాదు.

ఈ ప్రశ్నకు జవాబుగా దంతవైద్య పత్రికలలో ఒక తరహా వ్యాసములు విరివిగా వెలువడుచున్నవి. వాటి తీరు దాదాపు ఒక్కటే. మూడు నాలుగు పదార్థములను తీసికొని, పీకిన పళ్ళ వేళ్ళలో నింపి, యంత్రముతో బయటికి తోసి, ఏది ఎంత బలముతో అంటుకొన్నదో మెగాపాస్కళ్ళలో చెప్పుదురు. పట్టికలో పెద్ద అంకె వచ్చిన పదార్థము గెలిచినట్లు వ్యాసము ముగియును. అక్కడినుండి ఆ అంకె అమ్మకపు కరపత్రములలోనికి చేరును. ఆ అంకె దేనిని కొలిచినది, దేనిని కొలువలేదు అను విచారణ మాత్రము అరుదు.

పరీక్షను విమర్శించుటకు ముందు పంటి వేరును ఒకసారి చూడవలెను. పంటి పై భాగమును కప్పియున్న గట్టి పొర ఎనామెల్. దాని లోపలను, వేరు పొడవునను ఉండునది డెంటిన్. డెంటిన్ నడుమ ఒక సన్నని కాలువ. అందులో నరములు, రక్తనాళములు గల గుజ్జు. పుప్పి ఆ గుజ్జును చేరినప్పుడు సూక్ష్మజీవులు కాలువ వెంట వేరు కొనదాక ప్రాకును. వైద్యుడు గుజ్జును తీసివేసి, కాలువను సూదులంత సన్నని ఆకురాళ్ళతో గీకి వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రవముతో కడిగి, ఆరబెట్టి, నింపును. నింపునది ముఖ్యముగా గుత్తా పెర్చా. ఒక జాతి చెట్టు పాలనుండి వచ్చు పదార్థము. 1847లో దంతవైద్యములోనికి వచ్చిన ఈ పదార్థము నేటికిని పోలేదు. దీనికి డెంటిన్‌ను అంటుకొను గుణము లేదు. కనుక ఆ రెంటి నడుమ సందు మూయుటకు పలుచని సిమెంటు వాడుదురు. దానినే సీలరు అందురు.

పాత సీలరు జింక్ ఆక్సైడును, లవంగనూనెలోని యూజినాల్‌ను కలిపి చేసినది. 1950ల దశకములో స్విట్జర్లండు దంతవైద్యుడు ఆండ్రే ష్రోడర్ ఎపాక్సీ రెజిన్‌ను ఈ పనికి తెచ్చెను. నేడు ‘ఏహెచ్ ప్లస్’ పేరుతో అమ్ముడగు సీలరు ఆ వంశములోనిదే. 1990ల మొదట అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయములో తొరాబినెజాద్, ఆయన సహచరులు ఎం.టి.ఏ. అను పదార్థమును రూపొందించిరి. ఇది ఇండ్లు కట్టు పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి బంధువు. దీని వెనుక వచ్చిన కాల్షియం సిలికేటు సీలర్లు ఇప్పుడు పోటీలో నిలిచియున్నవి.

ఇక పరీక్ష. నింపిన వేరును, ముల్లంగిని చక్రములుగా తరిగినట్లు, ఒక మిల్లీమీటరు మందము గల బిళ్ళలుగా అడ్డముగా కోయుదురు. ప్రతి బిళ్ళ నడుమ పదార్థము నిండిన చిన్న రంధ్రముండును. ఆ రంధ్రముకంటె కొంచెము సన్నని ఉక్కు కడ్డీతో పదార్థమును మెల్లగా తోయుదురు; కడ్డీ నిమిషమునకు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో కదలును. కాలువ వేరు కొనకు పోను పోను సన్నబడును గనుక, సన్నని వైపునుండి వెడల్పు వైపునకు తోయవలెను. లేనిచో సందులో మేకు దిగినట్లు బిగిసిపోవును. పదార్థము ఊడిన క్షణమున యంత్రము చూపిన బలమును, అంటుకొన్న వైశాల్యముతో భాగించగా వచ్చునదే అంటుబలము. ఒక చదరపు మిల్లీమీటరుమీద ఒక న్యూటన్ బలము ఒక మెగాపాస్కలు.

ఉన్నత పాఠశాల విద్యార్థి చేయదగిన లెక్కయే ఇది. ఒక బిళ్ళలో రంధ్రపు వ్యాసార్ధము పై ముఖమున 0.6 మి.మీ., క్రింది ముఖమున 0.5 మి.మీ., మందము 1 మి.మీ. అనుకొనుడు. ఇది కొన తెగిన శంకువు. దాని ఏటవాలు ఎత్తు సుమారు 1.005 మి.మీ. ప్రక్క వైశాల్యము 3.14 × (0.6 + 0.5) × 1.005, అనగా 3.47 చదరపు మి.మీ. పదార్థము 10 న్యూటన్ల బలమునకు ఊడినదనుకొన్నచో అంటుబలము 2.88 మెగాపాస్కళ్ళు. ఇప్పుడు అదే రంధ్రమును పై వ్యాసార్ధముతోనే స్తూపముగా లెక్కించినచో వైశాల్యము 3.77 చదరపు మి.మీ., అంటుబలము 2.65 మెగాపాస్కళ్ళు. పన్ను మారలేదు, పదార్థము మారలేదు, బలము మారలేదు. సూత్రము మారినంతనే నూటికి ఎనిమిది వంతులు పోయినవి. నిజమైన కాలువ గుండ్రముగానైనను ఉండదు. చాల పళ్ళలో కోడిగ్రుడ్డు ఆకారముననో, చదునుగనో ఉండును. అట్టి చోట తప్పు ఇంకను పెరుగును. రెండు వేర్వేరు ప్రయోగశాలల అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చువారు ఈ సంగతి గమనించుట లేదు.

పై 10 న్యూటన్ల బలమనగా సుమారు ఒక కిలో బరువు. ఒక మిల్లీమీటరు బిళ్ళనుండి పదార్థము ఒక కిలో బరువునకు ఊడి వచ్చుచున్నది. ఆమ్లముతో గరుకు చేసిన ఎనామెల్‌కు రెజిన్ ఇరువది మెగాపాస్కళ్ళ వరకు పట్టియుండును. 1955లో అమెరికాలో బునోకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లముతో ఎనామెల్‌ను గరుకు చేసి రెజిన్‌ను అంటించి చూపిన నాటినుండి దంతవైద్యమునకు అంటింపుమీద మోజు కలిగినది. పైన ఎనామెల్‌మీద కుదిరిన పని లోపల వేరులో కూడ కుదురునన్న ఆశనుండియే ఈ పరీక్షలు పుట్టినవి. ఆశ తప్పు కాదు. కాని వేరు లోపలి పరిస్థితి వేరు.

‘అంటుబలము’ అను పేరుతోనే అసలు చిక్కు మొదలగును. సీసాకు బిగించిన బిరడా గాజుకు అంటుకొనలేదు. అయినను లాగుటకు బలము కావలెను. అది రాపిడి. వేరు గోడ గరుకుగా ఉండును. పదార్థము గట్టిపడునప్పుడు కొంచెము ఉబ్బినచో గోడను ఒత్తును. అప్పుడు యంత్రము చూపు బలములో రాపిడి పాలు ఎంత, అంటు పాలు ఎంత? 2005లో గొరాచి, ఆమె సహచరులు పంటి వేరులో అమర్చు నార కడ్డీలపై ప్రయోగము చేసి, ఊడకుండ నిలుచు బలములో రాపిడికి ముఖ్యమైన పాలు కలదని చూపిరి. అటు తరువాత కూడ చాల వ్యాసములలో ఆ బలమంతయు ‘అంటు’ ఖాతాలోనే పడుచున్నది. ‘ఊడకుండ నిలుచు బలము’ అని వ్రాసినచో తప్పు ఉండదు. పేరు కొంచెము పొడవగును గాని, నిజమగును.

మరి ఊడిన తీరు కూడ చూడవలెను. సూక్ష్మదర్శినిలో చూచినచో కొన్ని బిళ్ళలలో పదార్థము గోడనుండి పూర్తిగా విడివడినట్లు, కొన్నింటిలో పదార్థమే నడుమ పగిలినట్లు కనబడును. నడుమ పగిలినప్పుడు వచ్చిన అంకె అంటుబలము కాదు. ఆ పదార్థపు సొంత గట్టిదనము. గోడను అది ఇంకను విడువనే లేదు! ఈ రెంటిని కలిపి సగటు తీసిన పట్టికకు అర్థము చెప్పుట కష్టము. గుత్తా పెర్చాతో మరియొక ఇబ్బంది. అది మెత్తనిది గనుక కడ్డీ క్రింద వంగి, గోడకు ఒత్తుకొనును. ఆ ఇబ్బంది తప్పించుటకు కొందరు కాలువనంతయు సీలరుతోనే నింపి పరీక్షించుచున్నారు. నోటిలో పలుచని పొరగా ఉండవలసినది ప్రయోగశాలలో దిమ్మెగా ఉన్నదన్నమాట.

అంటుబలము ఒక పదార్థపు గుణమనుకొనుట ఈ వ్యాసములలోని పెద్ద పొరపాటు. నీటి సాంద్రత, రాగి ద్రవీభవన స్థానము వంటివి పదార్థపు గుణములు. అంటు ఒకరి గుణము కాదు, ఇద్దరిది. సిరిసిల్లలో పడుగు నూలుకు గంజి పెట్టువారికి ఈ సంగతి పుస్తకము లేకయే తెలియును. పిండి గంజి నూలు దారమును బాగుగ పట్టును. పత్తిలోని సెల్యులోజు, గంజిలోని పిండిపదార్థము రెండును హైడ్రాక్సిల్ సమూహములు గలవి గనుక ఒకదానినొకటి పట్టుకొనును. అదే గంజి పాలిస్టర్ దారముమీద సరిగా నిలువదు. దానికి వేరు రసాయనపు సైజింగు కావలెను. “గంజి అంటుబలమెంత?” అని అడిగినచో సిరిసిల్ల పనివాడు “ఏ దారానికి?” అని ఎదురు ప్రశ్న వేయును. దంతవైద్య పత్రికల పాఠకుడు వేయవలసిన ప్రశ్నయు ఇదియే: ఏ డెంటిన్‌కు?

ఏలయనగా డెంటిన్ అంతట ఒక్క తీరుగా లేదు. అందులో సన్నని గొట్టముల వంటి రంధ్రములుండును. అవి వేరు పై భాగమున దట్టముగను, కొన దగ్గర పలుచగను ఉండును. వయసు పెరిగిన కొలది ఖనిజముతో పూడుకొనిపోవును. ఈ పరీక్షలకు తరచుగా వాడునవి పళ్ళ వరుస సరిచేయుటకు చిన్న వయసువారినుండి తీసిన ముందు దవడపళ్ళు: ఒంటి వేరు, తిన్నని కాలువ, తెరచియున్న రంధ్రములు. వైద్యశాలకు వచ్చు ఏబది ఏండ్ల మనిషి వెనుక దవడపన్ను ఇట్టిది కాదు. నీరు కూడ లెక్కలోనికి వచ్చును. 1937లో నెల్లూరు జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలకు కలుగు వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు వర్ణించిరి. తరువాత నల్లగొండ పేరు ఈ విషయమున దేశమంతట తెలిసినది. తెలంగాణ గ్రానైటు నేలలలో చాల చోట్ల బావుల, బోర్ల నీటిలో ఫ్లోరైడు భారతీయ ప్రమాణము అనుమతించిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటినది. ఫ్లోరైడు పట్టిన ఎనామెల్ ఆమ్లమునకు మామూలు ఎనామెల్ వలె లొంగదు. ఇక్కడి వైద్యుడు మరియొక దేశపు పళ్ళమీద వచ్చిన అంకెను తెచ్చి తన రోగికి వర్తింపజేయునప్పుడు ఈ తేడా జ్ఞాపకముండవలెను.

కడుగు ద్రవము సంగతి ఇంకను ఆసక్తికరము. సోడియం హైపోక్లోరైట్ సూక్ష్మజీవులను చంపును, గుజ్జు తుక్కును కరగించును. దీనికి సాటి వచ్చు ద్రవము ఇంకను దొరకలేదు. కాని అది డెంటిన్‌లోని కొల్లాజెన్‌ను పాడుచేయును, వెనుక ఆక్సిజన్‌ను విడుచును. మెథాక్రిలేటు రెజిన్లు స్వేచ్ఛా రాడికళ్ళ గొలుసు చర్యతో గట్టిపడును. ఆక్సిజన్ ఆ గొలుసును త్రెంచును. ఎపాక్సీ రెజిన్ గట్టిపడు మార్గము వేరు గనుక దానికి ఈ గండము లేదు. కాబట్టి ఒకే ద్రవముతో కడిగి రెంటిని పోల్చిన పరీక్షలో ఎపాక్సీ గెలిచినదనగా, ఆ కడుగుడు తరువాత గెలిచినదని మాత్రమే అర్థము. విటమిన్ సి గా మనకు తెలిసిన ఆస్కార్బిక్ ఆమ్లపు లవణముతో ఆ ఆక్సిజన్‌ను తొలగించినచో మెథాక్రిలేటు అంటు తిరిగి కోలుకొనుట ప్రయోగములలో కనబడినది. రసాయన శాస్త్రము చెప్పు ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఇట్టి కారణమును వెదకిన చోట ఈ తోపుడు పరీక్ష నిజముగా విజ్ఞానమునకు పనికివచ్చినది. పందెపు గుర్రముల వరుసవలె ఎవరు మొదట, ఎవరు రెండవ అని చెప్పి ఊరకున్న చోట పనికిరాలేదు.

రెజిన్లకు మరియొక కష్టము కలదు. గట్టిపడునప్పుడు అవి ముడుచుకొనును. పైకి తెరచియున్న గుంటలో రెజిన్ తన స్వేచ్ఛా ముఖమునుండి కొంత జారి ముడుత ఒత్తిడి తీర్చుకొనగలదు. పంటి పైన చేయు పూడికలలో అంటిన ముఖములకు, అంటని ముఖములకు నిష్పత్తి ఒకటికిని అయిదుకును నడుమ ఉండును. పొడవైన సన్నని వేరు కాలువలో ఈ నిష్పత్తి వేయి కూడ దాటవచ్చునని లెక్కలు చెప్పుచున్నవి. నాలుగు ప్రక్కల పట్టి లాగినట్లు, ముడుచుకొను రెజిన్ ఏదో ఒక గోడను విడువక తప్పదు.

కాలము సంగతి కూడ ఉన్నది. ఈ పరీక్షలు ఎక్కువగా నింపిన వారము దినములకు చేయుదురు. జగిత్యాల మామిడి తోటలలో అంటు కట్టినవాడు వారమునకే కొమ్మను లాగి అంటు కుదిరినదో లేదో చూడడు. పంటిలోని రెజిన్ అంటు తడిలో నెలల తరబడి నానినకొలది క్షీణించును. కాల్షియం సిలికేటు సిమెంటు దీనికి తలక్రిందులు. దానికి తడియే ఆహారము, కాలము గడచినకొలది గోడతో ఖనిజపు పొర ఏర్పరచుకొనును. వారమునాటి పోటీలో వెనుకబడినది సంవత్సరము నాటికి ముందుండవచ్చును.

అంకెల సంఖ్యా విశ్లేషణలో ఒక లోపము పదే పదే కనబడును. పది పళ్ళనుండి పంటికి మూడేసి బిళ్ళలు కోసి, ముప్పది నమూనాలని వ్రాయుదురు. ఒక్క పంటినుండి వచ్చిన మూడు బిళ్ళలు ఒకే ఇంటి అన్నదమ్ముల వంటివి. ముప్పది వేర్వేరు పళ్ళుగా వాటిని లెక్కించుట ఆ పదింటికి లేని బలమును అంటగట్టుటయే. సగటు ప్రక్కన వ్రాసిన వ్యత్యాసము కొన్నిసార్లు సగటులో సగము వరకు ఉండును. అట్టి చోట రెండు పదార్థముల నడుమ అర మెగాపాస్కలు తేడాను చూచి ఖరీదైన దానిని కొనుట తొందరపాటు.

పెద్ద అంకెకు, మంచి మాటకు మోసపోయిన కథ ఒకటి ఇటీవలి చరిత్రలోనే ఉన్నది. 2004లో రెసిలాన్ అను పదార్థము గుత్తా పెర్చా స్థానమున మార్కెట్టులోనికి వచ్చినది. పాలీకాప్రోలాక్టోన్ అను ప్లాస్టిక్కుతో చేసినది. దానితో మెథాక్రిలేటు సీలరు. పదార్థము, సీలరు, పంటి గోడ మూడును అతుకుకొని ఏకశిలవలె నిలుచునని చెప్పిరి. వినుటకు ఎంతో బాగున్నది. 2005లోనే తోపుడు పరీక్షలో రెసిలాన్ పాత గుత్తా పెర్చా, ఎపాక్సీ జంటకంటె తక్కువ నిలిచినది. అదే సమయమున ఆ ప్లాస్టిక్కును ఎంజైములు, క్షారము విచ్ఛిన్నము చేయగలవని కూడ తెలిసినది. 2017లో వెలువడిన ఒక దీర్ఘకాలిక పరిశీలనలో రెసిలాన్ నింపిన పళ్ళు గుత్తా పెర్చా నింపిన వాటికంటె ఎక్కువగా విఫలమైనట్లు తేలినది. ఈ కథలో పరీక్షను మెచ్చుకొనవలసిన అంశమున్నది. అది ముందుగానే హెచ్చరించినది. కాని పళ్ళను పాడుచేసిన ముఖ్య కారణము తక్కువ అంటుబలము కాదేమో, పదార్థము కరగిపోవుటయేమో! యంత్రము చూపిన అంకెలో ఆ కరగుట లేదు.

అట్లని పరీక్షను మూలను పడవేయవలెననుట అన్యాయము. కొన్ని చోట్ల ఊడకుండ నిలుచు బలమే ప్రాణము. ఆకురాయి దారి తప్పి వేళ్ళ నడుమ గోడకు చిల్లి పడినప్పుడు ఆ చిల్లిని ఎం.టి.ఏ. తోనో, బయోడెంటిన్ తోనో పూడ్చుదురు. దానిమీదనే మరల పై పూడికను ఒత్తి నింపవలెను, నమలు బలము కూడ అక్కడికి చేరును. అచ్చట ఊడినచో చికిత్స చెడినట్లే. విరిగిన పంటిని నిలుపుటకు వేరులో దింపు నార కడ్డీ సంగతియు అట్టిదే. కాని మామూలుగా నింపిన కాలువలో గుత్తా పెర్చాను క్రిందినుండి పైకి తోయు శక్తి నోటిలో ఎక్కడిది? ఎవరును దానిని ఒక కిలో బరువుతో నెట్టుట లేదు. అక్కడ కావలసినది బిరడాను లాగు బలము కాదు, బిరడా ప్రక్కనుండి ద్రవము జారకుండుట. ఈ రెండును ఒకటి కావు. గట్టిగా పట్టిన పదార్థము ఒక ప్రక్క సన్నని సందు విడిచియుండవచ్చును. సూక్ష్మజీవికి మిల్లీమీటరులో వేయవ వంతు సందు చాలును.

ఆ జారుడు పైనుండి కూడ రావచ్చును. 1995లో రే, ట్రోప్ అను ఇద్దరు 1010 పళ్ళ ఎక్స్‌రే చిత్రములను పరిశీలించి, వేరు ఎంత బాగుగ నింపబడినదను దానికంటె పైన మూత ఎంత బాగుగ కట్టబడినదను విషయమే ఫలితమును ఎక్కువగా నిర్ణయించినదని వ్రాసిరి. 2000లో ట్రోన్‌స్టాడ్ బృందము అట్టి పరిశీలనయే చేసి, వేరు నింపుడే ముఖ్యమని తేల్చెను. వాదము పూర్తిగా తీరలేదు గాని, రెండును బాగున్న పళ్ళే అన్నింటికంటె బాగున్నవనుటలో ఉభయులకు భేదము లేదు. ఆ రెండు పరిశీలనలలోను మెగాపాస్కలు ప్రసక్తి లేదు. అవి నోటిలో నిలిచిన పళ్ళ లెక్కలు.

సిరిసిల్లలో సాంచె నడుపు మనిషికి గాని, కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీకి గాని కాలువ శుభ్రమైన మరునాడే నొప్పి పోవును. తాత్కాలికపు పూడికతో ఇంటికి పోయిన తరువాత, కూలి పోగొట్టుకొని మరల తొడుగు వేయించుకొనుటకు రావలెనని తోచదు. తాత్కాలికపు పూడిక కొన్ని వారములకంటె ఎక్కువ ఓర్చునది కాదు. అది అరిగి ఉమ్మి లోపలికి దిగిన పంటి వేరులో 2.88 మెగాపాస్కళ్ళ సీలరున్నను, 2.65 మెగాపాస్కళ్ళ సీలరున్నను సూక్ష్మజీవులు మరల చేరును. అప్పుడు పన్ను పీకించుకొనుటకే మళ్ళీ రావలసివచ్చును.